గుండె కోసం వెళ్తే మెడకి స్కానింగ్ చేశారు

నాకు 47 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. షుగర్ లేదు, బీపీ ఎప్పుడు చూసినా 126, 128 దగ్గర తిరుగుతుంది, బరువు కాస్త ఎక్కువే గానీ మా స్టాఫ్‌రూమ్‌లో నేను సన్నగా ఉన్నవాళ్ల లెక్కలోకే వస్తాను. అయినా ఇప్పుడు రోజూ రాత్రి ఒక కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాను. ఎందుకూ అని అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం ఒకేచోట రాస్తున్నాను. రక్తనాళాల్ని కొలిచి గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని ముందే అంచనా వేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు నాకు చేశారు. ఏది ఎలా చేస్తారు, ఏది ఎంతవరకు నమ్మొచ్చు అన్నది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. నేను డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఇదంతా మా అక్క కూతురి వల్ల మొదలైంది. అది ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తోంది. ఒకరోజు ఫోన్ చేసి, "పిన్నీ, తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు నీకు బీపీ వచ్చింది కదా, నా థీసిస్‌కి అలాంటివాళ్లు కావాలి, వస్తావా" అంది. వచ్చింది నిజమే. 2005లో, రెండో కాన్పులో, ఏడో నెల దాటాక ముఖం, కాళ్లు వాచాయి, మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు, గుర్రపువాతం, అంటే ఫిట్స్, వస్తుందేమోనని మా అత్తగారు దేవుళ్లందరికీ మొక్కుకున్నారు. నెల ముందే ఆపరేషన్ చేసి బాబుని తీశారు. కొన్ని వారాల్లో బీపీ మామూలైపోయింది, ఇక మీకేం ఫరవాలేదమ్మా అని పంపించేశారు. గర్భంలో అలా బీపీ వచ్చిన ఆడవాళ్లకి తర్వాతి రోజుల్లో గుండెజబ్బు వచ్చే అవకాశం దాదాపు రెండింతలు ఉంటుందని, కాబట్టి జీవితాంతం ఒక కన్నేసి ఉంచాలని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క ఇన్నేళ్ల తర్వాత మా పిల్ల నోటి నుంచి విన్నాను.

దాని థీసిస్‌లో చేసే పరీక్ష పేరు ఫ్లో మీడియేటెడ్ డైలటేషన్. అంటే రక్తం ఒక్కసారిగా ఉధృతంగా వచ్చినప్పుడు రక్తనాళం ఎంత విచ్చుకుంటుందో కొలవడం. ముందు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినొద్దు, పొద్దున కాఫీ కూడా తాగొద్దు అంది. తిండి మానమంటే సంతోషంగా మానతాను, కాఫీ దగ్గరే కష్టం, అక్కడికి వెళ్లేసరికే తలనొప్పి. చివరి నెలసరి ఎప్పుడని కూడా రాసుకుంది, హార్మోన్లని బట్టి కూడా అంకె మారుతుందట. ఏసీ గదిలో కాసేపు కదలకుండా పడుకోబెట్టి, మోచేతికి పైన జెల్ రాసి స్కానింగ్ ప్రోబ్ ఆనించింది. తెర మీద రెండు గీతలు, మధ్యలో నల్లటి దారి. అదే నా చేతి ధమని. మోచేతి కింద బీపీ పట్టీ కట్టి, నా బీపీ కంటే బాగా పైకి గాలి ఎక్కించి 5 నిమిషాలు అలాగే వదిలేసింది. మొదట్లో ఏమీ అనిపించలేదు గానీ పోనుపోను వేళ్లు తిమ్మిరెక్కి, రంగు మారి, చెయ్యి కట్టెలా అయిపోయింది. నేను గొణుగుతుంటే "అయిపోయింది పిన్నీ, కదిలావంటే మళ్లీ మొదటికొస్తాం" అని బెదిరించింది. పట్టీ వదలగానే వేడివేడిగా రక్తం చేతిలోకి దూసుకురావడం స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాతి నిమిషంలో ధమని ఎంత వెడల్పైందో కంప్యూటర్ కొలుస్తుంది.

లోపల జరిగేది ఇదీ. రక్తనాళం లోపలి గోడకి ఒక పల్చటి పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. రక్తం జోరుగా ఒరుసుకుని పారినప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని వదులుతుంది, దాంతో గోడలోని కండరం సడలి నాళం విచ్చుకుంటుంది. ఆ సంగతి కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ ఇచ్చారు. పొర దెబ్బతింటే నాళం సరిగ్గా విచ్చుకోదు, కొవ్వు పేరుకోవడానికి చాలాముందే ఈ తేడా మొదలవుతుందట. చేతి మీద స్కానింగ్‌తో దీన్ని కొలవొచ్చని లండన్ డాక్టర్లు 1992లో చూపించారు. నా ధమని 3.40 మిల్లీమీటర్ల నుంచి 3.55 అయింది. 4.4 శాతం.

"మంచిదా చెడ్డదా" అని అడిగాను. మా పిల్ల నవ్వి, "ఇది నీ గురించి పెద్దగా ఏమీ చెప్పదు పిన్నీ, వందమందిని ఇటు, వందమందిని అటు పెట్టి చూస్తే సగటులో తేడా తెలుస్తుంది, అంతే" అంది. లెక్కల టీచర్ని కాబట్టి నాకు వెంటనే వెలిగింది. 3.40లో ఒక శాతం అంటే 0.034 మిల్లీమీటర్లు. ప్రోబ్ పట్టుకున్న చెయ్యి కాస్త పక్కకి జరిగినా, ముందు రాత్రి నిద్ర చాలకపోయినా అంకె అటూఇటూ అవుతుంది. అందుకే ఇది పరిశోధనల్లోనే ఎక్కువ కనిపిస్తుంది, మామూలు ఆసుపత్రిలో ఎవరికీ రాయరు. ఎవరైనా ప్యాకేజీలో పెట్టి మీ నాళాల ఆరోగ్యం ఇంత శాతం అని అమ్మితే ఈ మాట గుర్తుచేసుకోండి.

అక్కడే కాఫీ తాగుతూ మా పిల్ల ఇంకో విషయం చెప్పింది, టీచర్ని కాబట్టి అది నా మనసులో ఉండిపోయింది. హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా ఒక అధ్యయనం జరిగింది. అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్లకి ముందు వచ్చింది, కొన్నింటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు పోషకాహారం అందింది. ఆ పిల్లలు హైస్కూలు వయసుకి వచ్చాక, 2003 నుంచి 2005 మధ్య, వాళ్ల రక్తనాళాలు ఎంత బిరుసుగా ఉన్నాయో కొలిచి చూస్తే, ఆ ఆహారం అందిన ఊళ్ల పిల్లల నాళాలు కాస్త మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కూడా ఉన్న అధ్యయనం ఇది. నాళాల సంగతి నలభై దాటాక మొదలయ్యేదని అనుకుంటాం గానీ, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే లెక్క నడుస్తూ ఉంటుందన్నమాట. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం గుడ్డు సంగతి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఇప్పుడు నేను ఊరుకోవడం లేదు.

సరే, అసలు కథకి వస్తాను. థీసిస్ ఫారమ్‌లో కుటుంబ వివరాలు అడిగే చోట మా నాన్నగారి సంగతి రాశాను. 53 ఏళ్లకి గుండెపోటుతో పోయారు, నేను అప్పుడు బీఈడీ చదువుతున్నాను. అది చదివి మా పిల్ల ముఖం మారింది. ఆయన దానికి తాతగారే కదా, తెలియని సంగతి కాదు, కానీ కాగితం మీద రెండూ పక్కపక్కన చూసేసరికి డాక్టర్ బుర్ర పనిచేసింది. నా కొలెస్ట్రాల్ రిపోర్టు తెప్పించుకుని ఫోన్లోనే ఒక రిస్క్ క్యాలిక్యులేటర్ వేసింది. మొత్తం కొలెస్ట్రాల్ 218, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 44, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 142. వచ్చే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం 2 శాతం లోపు అని చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. మా పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. ఆ క్యాలిక్యులేటర్ వయసు, ఆడ మగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, సిగరెట్ అడుగుతుంది. తండ్రికి ఏ వయసులో వచ్చింది, కాన్పులో బీపీ వచ్చిందా అని అడగదు. పైగా అది అమెరికాలో తెల్లవాళ్ల, నల్లవాళ్ల వివరాల మీద కట్టినది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చిందట, మిగతా దేశాల వాళ్లకి దాదాపు 59. 53 అనగానే నాకు ఇంకేం వినిపించలేదు.

"అంచనా కట్టడం కంటే నాళాన్నే చూడొచ్చు కదా" అని తనకి పాఠం చెప్పే కార్డియాలజిస్ట్ దగ్గరికి పంపింది.

మా వారు దీనికి అడ్డం పడ్డారు. ఆయన వాదన ఏమిటంటే, రెండేళ్ల క్రితం హెల్త్ చెకప్‌లో ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు కదా, నార్మల్ వచ్చింది కదా, మళ్లీ ఎందుకు టెన్షన్ అని. నాకూ అదే అనిపించి డాక్టరుగారిని మొదట అదే అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తినప్పుడు ఈసీజీలో తేడా రావాలంటే గుండె నాళం చాలావరకు, దాదాపు 70 శాతం మూసుకుని ఉండాలమ్మా, కానీ చాలా గుండెపోట్లు అంతగా మూసుకోని చోటే వస్తాయి, చిన్న కొవ్వు ముద్ద పగిలి దాని మీద రక్తం గడ్డకట్టి క్షణాల్లో దారి మూసేస్తుంది, నిన్న ట్రెడ్‌మిల్ నార్మల్ అన్న మనిషికి ఇవాళ గుండెపోటు రావడం అందుకే అన్నారు. మనకి తెలిసినవాళ్లలో ఇలాంటి కథ ఒక్కటైనా ఉంటుంది. డాక్టర్లు సరిగ్గా చూడలేదని తిట్టుకుంటాం. ఆ పరీక్ష చూసేది వేరు, మనం అడిగే ప్రశ్న వేరు.

మొదట కాళ్ల బీపీ చూశారు. దీన్ని యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ అంటారు. రెండు చేతులకి, రెండు చీలమండలకి పట్టీ కట్టి, పెన్నులాంటి చిన్న డాప్లర్‌తో రక్తం శబ్దం వింటూ బీపీ కొలుస్తారు. చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే అయిపోయింది. నాకు చేతి బీపీ 128, కుడి కాలు 138, ఎడమ కాలు 136, అంటే 1.08, 1.06. ఒకటి నుంచి 1.4 దాకా మామూలు. 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే కాళ్ల నాళాల్లో పూడిక ఉన్నట్టు, అలాంటివాళ్లకి గుండె నాళాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు, సూది లేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు. సిగరెట్ తాగేవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్లకి ఇది ఎందుకు ఎక్కువగా చేయరో నాకు అర్థం కాలేదు.

తర్వాత మెడకి స్కానింగ్. గుండెజబ్బు కోసం వచ్చి మెడ చూపించుకోవడం ఏమిటని మా వారు అక్కడా గొణిగారు. గుండె నాళాలు లోపల ఉంటాయి, చిన్నవి, పైగా ఎప్పుడూ కదులుతుంటాయి, అల్ట్రాసౌండ్‌కి సరిగ్గా దొరకవు. మెడలోని కెరోటిడ్ ధమని చర్మం కిందే ఉంటుంది. కొవ్వు పేరుకునే జబ్బు ఒంట్లో ఒకచోట మొదలైతే మిగతా చోట్లా మొదలయ్యే ఉంటుందన్న లెక్కతో మెడలో చూస్తారు. తల ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, జెల్ రాసి, ప్రోబ్‌ని గొంతు పక్క నుంచి దవడ దాకా జరుపుతూ పోయారు. ఒకచోట ఆపి తెరని నావైపు తిప్పి చూపించారు. ధమని గోడలో రెండు సన్నటి తెల్ల గీతలు, వాటి మధ్య దూరమే గోడ లోపలి పొరల మందం. నాకు కుడివైపు 0.64, ఎడమవైపు 0.70 మిల్లీమీటర్లు. ఇది బాగానే ఉందన్నారు.

ఆ మాటకి లేవబోతుంటే, ఆగమ్మా అని ఎడమవైపు మళ్లీ చూడటం మొదలుపెట్టారు. ధమని రెండు కొమ్మలుగా చీలే చోట కొంచెం ఉబ్బుగా ఉంటుంది, అక్కడ రక్తం సాఫీగా పారక సుడి తిరుగుతుంది, అందుకే పూడిక అక్కడే ముందు మొదలవుతుందట. నాకు సరిగ్గా అక్కడే గోడ లోపలికి చిన్న బొడిపెలా పొంగి ఉంది. 1.7 మిల్లీమీటర్లు. గోడ 1.5 దాటి మందమైతే దాన్ని ప్లాక్ అని పిలవాలని డాక్టర్ల ఒప్పందం ఉంది. రక్తం పారడానికి అడ్డేమీ లేదు, వేగం మామూలుగానే ఉంది, పక్షవాతం వచ్చేంత ప్రమాదం ఇప్పుడేమీ లేదు, ఆపరేషన్ ఊసే లేదు. కానీ ప్లాక్ ఉంది.

ఇక్కడ నాకు చాలా కోపం తెప్పించిన సంగతి ఒకటి. స్కానింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన రిపోర్టు చివర పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగు పెట్టెలో, మీ రక్తనాళాల వయసు 59 ఏళ్లు అని ఉంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మా వారు కూడా పైకి ధైర్యం చెబుతూనే అర్ధరాత్రి లేచి ఫోన్లో ఏవేవో చదువుతూ కూర్చున్నారు. మర్నాడు డాక్టరుగారికి చూపిస్తే ఆయన ఆ పెట్టె మీద పెన్నుతో అడ్డగీత కొట్టేశారు. మందం కొలతని ఏవో పట్టికలతో పోల్చి సాఫ్ట్‌వేర్ వేసే అంకె అది, ఏ దేశం జనంతో పోల్చిందో కూడా రిపోర్టులో లేదు. పొర మందం సగటున ఏడాదికి 0.01 మిల్లీమీటర్ దాకా పెరుగుతుందట. మరి కొలతలోనే అంతకంటే పెద్ద తేడా వచ్చేటప్పుడు దాన్ని వయసుగా మార్చి, మళ్లీ ఏటా చేయించుకుని పెరిగిందా తగ్గిందా అని చూడటంలో అర్థమేముంది? పదో తరగతి పిల్లవాడు ఇలాంటి లెక్క చేస్తే నేను సున్నా వేస్తాను. అమెరికా గుండె సంఘాల వాళ్లు కూడా ఈ మందం కొలతని అందరికీ మామూలుగా చేయొద్దని 2013లోనే చెప్పారు. మందాన్ని పక్కన పెట్టండి, ప్లాక్ ఉందా లేదా అన్నదే నాకు కావాల్సింది అన్నారు డాక్టరుగారు.

అప్పుడే రక్తంలో లైపోప్రొటీన్ ఎ అనే పరీక్ష కూడా రాశారు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో ఇది ఉండదు, విడిగా అడగాలి. ఇది చెడు కొలెస్ట్రాల్ లాంటి ఒక కొవ్వు కణం, పుట్టుకతో వచ్చేది, తిండి మార్చినా నడిచినా పెద్దగా మారదు, అందుకే జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. డెసిలీటర్‌కి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. నాకు 84. నాన్నగారి దగ్గర నుంచే వచ్చి ఉంటుంది, ఇప్పుడు రుజువు చేసుకునే దారి లేదు.

చివరికి సీటీలో కాల్షియం స్కోర్. ఇది గుండె నాళాలనే నేరుగా చూసేది. ఇంజెక్షన్ లేదు, రంగు మందు లేదు. మెడలో ఉన్నవన్నీ తీసేయమన్నారు. పుస్తెలతాడు తీసి మా వారి చేతికిస్తే, అక్కడున్న ఆయమ్మ అడక్కుండానే పసుపు దారం ఒకటి తెచ్చి కట్టింది, రోజూ అలవాటే కాబోలు, డ్రాయర్‌లో ఉండచుట్టి పెట్టుకుంది. ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు అతికించి, చేతులు తల వెనక్కి పెట్టించి, కాసేపు ఊపిరి బిగబట్టమన్నారు. గుండె కొట్టుకోవడంలో కాస్త నిమ్మళించే క్షణం చూసి ఫోటోలు తీస్తుందట మిషన్, అందుకే ఆ స్టిక్కర్లు. బట్టలు మార్చుకోవడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. రేడియేషన్ గురించి అడిగితే సుమారు 1 మిల్లీసీవర్ట్ అన్నారు, భూమి మీద బతుకుతున్నందుకు ఏడాదికి సగటున మనకి అందేది 2.4. నా దగ్గర 3,500 రూపాయలు తీసుకున్నారు.

స్కోర్ ఎలా వేస్తారో తెలుసుకున్నాక నాకు ముచ్చటేసింది. దీన్ని 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ అనే డాక్టరుగారూ తోటివాళ్లూ తయారుచేశారు. సీటీలో ఎంత గట్టి పదార్థం అంత తెల్లగా కనిపిస్తుంది, దానికో అంకె ఉంటుంది. 130 దాటిన మచ్చని కాల్షియం అంటారు. 130 నుంచి 199 అయితే 1తో, 200 నుంచి 299 అయితే 2తో, 300 నుంచి 399 అయితే 3తో, 400 గానీ ఆపైన గానీ అయితే 4తో ఆ మచ్చ వైశాల్యాన్ని గుణిస్తారు. 4 చదరపు మిల్లీమీటర్ల మచ్చ, తెలుపు 250 అనుకోండి, 4 ఇంటూ 2, అంటే 8. నాళాలన్నిటిలో మచ్చలన్నీ ఇలా కూడితే వచ్చేదే స్కోర్. సున్నా అయితే మంచిది, 100 దాటితే మందులు మొదలుపెట్టాల్సిందే అంటారు, 400 దాటితే ఎక్కువ పూడిక ఉన్నట్టు.

నాకు సున్నా.

మా వారి ఆనందం చెప్పలేను. ఇంటికొచ్చే దారిలో స్వీట్ షాపు దగ్గర ఆపి పూతరేకులు కొన్నారు, గుండె పరీక్ష బాగా వచ్చిందని నెయ్యి, పంచదార తినడం ఏమిటో అడగలేదు, నేనూ రెండు తిన్నాను. మాత్రలూ గీత్రలూ ఏమీ అక్కర్లేదు, లెక్క తేలిపోయింది అన్నారాయన.

డాక్టరుగారు అలా అనలేదు. సున్నా చాలా మంచి వార్తే, వచ్చే కొన్నేళ్లకి ప్రమాదం తక్కువని అర్థం. కానీ మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువమందికి సున్నానే వస్తుంది. కొవ్వు ముద్ద పాతబడి గట్టిపడే క్రమంలో కాల్షియం చేరుతుంది, మెత్తగా ఉన్న కొత్త ముద్ద ఈ పరీక్షలో కనిపించదు. అదే 65 ఏళ్ల మనిషికి సున్నా వస్తే నేను ఎగిరి గంతేస్తాను. మీకు మెడలో ప్లాక్ కళ్లకి కనిపించింది, లైపోప్రొటీన్ ఎక్కువ, నాన్నగారి చరిత్ర, కాన్పులో బీపీ, ఇన్ని ఒకవైపు ఉంటే ఆ సున్నా వీటిని కొట్టేయలేదు అన్నారు. గుణకారంలో అయితే సున్నా అన్నిటినీ మింగేస్తుంది, ఇది కూడిక అని నాలో నేనే అనుకున్నాను.

అయినా వెంటనే ఒప్పుకోలేదు. జీవితాంతం మాత్రా అని నాకూ ఉంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటే షుగర్ వస్తుందటగా, కండరాలు పట్టేస్తాయటగా అని విన్నవన్నీ అడిగాను. షుగర్ అంచులో ఉన్నవాళ్లకి కొంచెం ముందుగా బయటపడే అవకాశం ఉంది, మీకు ఆ అంచు దూరమే, కండరాల నొప్పి కొందరికి వస్తుంది, వస్తే మందు మారుద్దాం, మోతాదు తగ్గిద్దాం అన్నారు. నాకు నచ్చింది ఏమిటంటే ఆయన భయపెట్టలేదు. కావాలంటే మూడు నెలలు తిండి, నడక చూసి రండి, కొంపలు మునిగిపోవు అన్నారు. చూశాను. రాత్రి అన్నం తగ్గించాను, పచ్చళ్ల మీద తేలే నూనె తీసేసి తిన్నాను, స్కూలయ్యాక గ్రౌండ్ చుట్టూ నడిచాను, పిల్లలు నవ్వుకున్నారు. బరువు తగ్గింది, నడుం నొప్పి పోయింది, ఎల్‌డీఎల్ 142 నుంచి 131కి వచ్చింది. అంతే. అప్పుడు రోసువాస్టాటిన్ 10 మొదలుపెట్టాను. తర్వాతి పరీక్షలో 74. మొదటివారంలో పిక్కలు లాగినట్టు అనిపించింది గానీ అది మాత్ర వల్లో, కొత్తగా మొదలుపెట్టిన నడక వల్లో తెలియదు, దానంతటదే పోయింది. లైపోప్రొటీన్ ఎ మాత్రం స్టాటిన్‌కి తగ్గదు, దాన్ని తగ్గించే కొత్త మందుల మీద పరీక్షలు జరుగుతున్నాయట. ప్రస్తుతానికి మిగతా అంకెల్ని గట్టిగా అదుపులో ఉంచడమే మార్గం.

స్టాఫ్‌రూమ్‌లో ఈ కథంతా తెలిశాక వచ్చిన సలహాలు రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. వెల్లుల్లి మింగమని ఒకరు, తెల్లమద్ది బెరడు కషాయం ఒకరు. అందరూ అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే, కాల్షియం స్కోర్ పెరగకూడదంటే పాలు, పెరుగు మానేయాలా అని. అక్కర్లేదు. గోడలో చేరే కాల్షియం అక్కడి కొవ్వు ముద్ద గట్టిపడే క్రమంలో చేరేది, మీరు తిన్న పెరుగన్నం నేరుగా వెళ్లి అక్కడ కూర్చోదు. ఇంకో సంగతి, స్టాటిన్ వేసుకుంటే కొందరికి స్కోర్ కాస్త పెరుగుతుంది కూడా, మెత్తటి ముద్ద గట్టిపడుతుంది కాబట్టి. అది తెలియక మందు పనిచేయట్లేదని మానేసేవాళ్లు ఉంటారట. అందుకే నన్ను ఏడాదికోసారి సీటీ చేయించుకోవద్దన్నారు, ఓ అయిదేళ్ల తర్వాత అవసరమైతే చూద్దాం అన్నారు. మెడ స్కానింగ్ కూడా అంతే, ఏటా అక్కర్లేదు.

ఎవరు చేయించుకోవాలి అని అడిగితే నాకు తోచింది చెబుతాను. ఏ చరిత్రా లేని పాతికేళ్ల కుర్రాడికి సీటీ దండగ, సున్నా వస్తుంది, దాంతో ధైర్యం వచ్చి సిగరెట్ ఇంకోటి కాలుస్తాడు. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకీ ఇది అనవసరం, వాళ్లకి జబ్బు ఉందని తెలుసు, మందులు ఎలాగూ వాడాలి. మధ్యలో ఉన్నవాళ్లకి, అంటే క్యాలిక్యులేటర్ ఒకటి చెబుతుంటే ఇంటి చరిత్ర ఇంకోటి చెబుతున్నవాళ్లకి, మాత్ర వేసుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి ఇవి పనికొస్తాయి. తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్‌కి ఆ మాట ముందు చెప్పండి. ఆడవాళ్లయితే కాన్పులో బీపీ వచ్చిందా, నలభై లోపే నెలసరి ఆగిపోయిందా అన్నవి కూడా చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే. నన్ను ఎవరూ అడగలేదు.

మా తమ్ముడికి 44. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసు వాళ్లు ఏటా చేయించే చెకప్‌లో ట్రెడ్‌మిల్ నార్మల్ వచ్చిందని ధీమాగా ఉన్నాడు. లైపోప్రొటీన్ ఎ తల్లిదండ్రుల నుంచి వచ్చేది, నాకు ఉంటే నీకూ సగానికి సగం అవకాశం ఉందిరా అని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి మా మరదలికి చెప్పాను. ఆవిడ వాడిని శనివారం పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకెళ్లి రక్తం ఇప్పించింది. వాడికి 97 వచ్చింది. కాల్షియం స్కోర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.